చెవి తమ్మె

ఎడమ పక్క ఒక ముఖం, కుడి పక్క ఒక ముఖం. కింద రెండు బటన్లు. ఒకదాని మీద ‘అవును’, ఇంకోదాని మీద ‘కాదు’. రెండు ముఖాలూ ఒకే మనిషివా, వేరువేరు మనుషులవా అని చూడాలి. చూసి ఏదో ఒకటి నొక్కాలి. నొక్కగానే ఆ ముఖాలు పోయి మరో రెండు వస్తాయి. దివ్యశ్రీ ఉద్యోగం అదే.

పంజగుట్ట మెయిన్ రోడ్డులో చీరల షాపు పైన, మూడో అంతస్తులో ఉంది ఆఫీసు. కంపెనీ పేరు కనుపాప. లేడీస్ హాస్టళ్ళకు, బళ్ళకు, అపార్ట్‌మెంట్లకు గేటు దగ్గర కెమెరాలు బిగిస్తారు. వచ్చేదెవరో పోయేదెవరో ఆ కెమెరాలే ముఖం చూసి గుర్తుపట్టి చెబుతాయి. చాలావరకు కంప్యూటరే తేల్చేస్తుంది. దానికి తేలనివి మాత్రం ఈ మూడో అంతస్తుకు వస్తాయి. కొడుకు తేజ పుట్టాక ఇంటిపట్టున ఉండిపోయిన దివ్యశ్రీకి మళ్ళీ పని దొరకడమే గగనమైన రోజుల్లో, యజమాని హనుమత్ప్రసాద్ గారు పిలిచి ఈ కుర్చీ ఇచ్చాడు. ఆయన మీద ఆమెకు గౌరవం.

పనుల్లోకెల్లా ఆమెకు ఇష్టమైనది ‘వెతుకులాట’. ఇంట్లోంచి తప్పిపోయినవాళ్ళ ఫొటోలు ఇంటివాళ్ళు పంపిస్తారు. కంపెనీ కెమెరాలన్నిటిలో ఆ ముఖం కోసం కంప్యూటర్ గాలిస్తుంది. పోలికలు కనబడితే తెచ్చి దివ్యశ్రీ ముందు పెడుతుంది. మిగతా ముఖాలన్నీ హాజరు వేసుకునే ముఖాలు. ఇవి మాత్రం ఎవరో ఎదురుచూస్తున్న ముఖాలు.

ఆ సోమవారం వచ్చిన జత చూడగానే తేలలేదు. ఎడమ వైపు పెళ్ళిఫొటోలోంచి కత్తిరించిన ముఖం. పాపిటబిళ్ళ, బుగ్గన చుక్క, నిండు చెంపలు. కుడి వైపు అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర పడిన ముఖం. భుజాలదాకా కత్తిరించుకున్న జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు, గడ్డం కిందికి జారిన చున్నీ. కళ్ళు ఒకలాగే ఉన్నాయి. కానీ కళ్ళు ఒకలాగే ఉన్నవాళ్ళు ఊరినిండా ఉంటారు.

దివ్యశ్రీ తొందరపడలేదు. ఇంటివాళ్ళు పంపిన మిగతా ఫొటోలు తెరిచింది. ఒకటి ఈ మధ్యది. వంటింట్లో తల వంచుకుని ఏదో తరుగుతున్నప్పుడు పక్కనుంచి తీసింది. దాన్ని పెద్దది చేస్తూ పోయింది. ఎడమ చెవి తమ్మె కింద రెండుగా చీలి ఉంది, చిక్కుడాకు కొస చినిగినట్టు. గేటు దగ్గరి ఫొటోను కూడా పెద్దది చేసింది. మసకగానే ఉన్నా ఆ చీలిక అక్కడా ఉంది.

‘అవును’ నొక్కింది.

సూపర్‌వైజర్ ప్రమోద్ లేచి వచ్చి గోడకున్న ఇత్తడి గంట వాయించాడు. వెతుకులాటలో మనిషి దొరికితే గంట వాయించడం అక్కడి అలవాటు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క సీటులోని రిషి, “అక్కా, నీ కండ్లకు మొక్కాలె. నేనైతె కాదు అని కొట్టేస్తుంటి,” అన్నాడు. హనుమత్ప్రసాద్ గారు గదిలోంచి బయటికి వచ్చి, “ఒక ఇల్లు నిలబెట్టావమ్మా,” అన్నాడు.

సాయంత్రం ఎర్రగడ్డలో ఇంటికి చేరాక భర్త దినేశ్‌కు అన్నం వడ్డిస్తూ ఆ ముచ్చట చెప్పింది. “గింత చెవి ముక్క చూసి పట్టినవా!” అని దినేశ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

*

మర్నాడు మధ్యాహ్నం దివ్యశ్రీకి సందేశాల పని పడింది. కెమెరా పనిచేయడం లేదనీ, పాస్‌వర్డ్ మరచిపోయామనీ వచ్చేవాటికి జవాబులు రాసే పని. వాటి మధ్య ఒక సందేశం కనిపించింది. పంపినవాడి పేరు వీర్రాజు. సంబంధం అన్నచోట ‘భర్త’ అని ఉంది. పక్కన చిన్నగా నిన్నటి పెళ్ళిఫొటో. ఆమె పేరు మంజూష అని అప్పుడే తెలిసింది.

‘మీ అందరికీ కృతజ్ఞతలు. ఆమె హాస్టల్ నుంచి ఏ వేళకు బయటికి వస్తుంది? ఒంటరిగా వస్తుందా, పక్కన ఎవరైనా ఉంటారా?’

దివ్యశ్రీ జవాబు ఏం రాయాలా అని ఆలోచిస్తుండగానే ఇంకొకటి వచ్చింది.

‘ఆ హాస్టల్‌కు వెనక గేటు ఉందా?’

ఆ వెనకే మరొకటి.

‘నేను అడిగినట్టు ఆమెకు తెలియనివ్వకండి.’

దివ్యశ్రీ మూడూ మళ్ళీ ఒకసారి చదివింది. వెనక్కి తిరిగి, “ప్రమోదన్నా, జర ఇటు రా,” అంది.

ప్రమోద్ వచ్చి కుర్చీ వెనక నిలబడి చదివాడు. “ఏముంది ఇండ్ల? పెండ్లాం అలిగి వచ్చినట్టుంది. నచ్చజెప్పి తీస్కపోదామనుకుంటుండు.”

“నచ్చజెప్పెటోడికి వెనక గేటుతోని ఏం పని అన్నా?”

“నీకెందుకమ్మా గీ లొల్లంత? మనం సాఫ్ట్‌వేరోళ్ళం, పంచాయితి పెద్దమనుషులం కాదు. రాకపోకల రిపోర్టు ఆయన ప్యాకేజీలనే ఉంది. అడిగిండు, ఇయ్యాలె. గంతే.”

“ఆమెను ఒక్క మాట అడిగి ఇద్దాం.”

“ఆమె మన కస్టమర్ కాదు,” అన్నాడు ప్రమోద్. కోపంగా అనలేదు. పాఠం చెప్పినట్టు అన్నాడు. ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, మౌస్ పట్టుకుని ‘రిపోర్టు పంపు’ అన్నచోట నొక్కాడు. పచ్చటి టిక్కు ఒకటి తెరమీద వెలిగి ఆరిపోయింది. ప్రమోద్ తన సీటుకు వెళ్ళిపోయాడు.

దివ్యశ్రీ ఆ రిపోర్టులో హాస్టల్ అడ్రసు చూసుకుంది. తరవాత లేచి, బాబుకు జ్వరమని బడినుంచి ఫోన్ వచ్చిందని అబద్ధం చెప్పింది. లాకర్లోంచి ఫోన్, సంచి తీసుకుని మెట్లు దిగింది.

మెట్రోలో పంజగుట్ట తరవాతి స్టేషనే అమీర్‌పేట. దిగి, మైత్రీవనం వెనక సందుల్లోకి నడిచింది. గోడలనిండా కోర్సుల పేర్లు, జిరాక్స్ షాపుల ముందు మూగిన పిల్లలు, టిఫిన్ బండ్ల పొగ. చేతిలో కరపత్రం పెట్టబోయిన అమ్మాయిని తప్పించుకుంటూ హాస్టల్ వెతికి పట్టుకుంది. గేటు మీద నీలం రంగు కన్ను బొమ్మ, కనుపాప వాళ్ళ స్టిక్కరు. కాలింగ్ బెల్ నొక్కి, అలవాటు కొద్దీ తలెత్తి కెమెరా వంక చూసింది.

వార్డెన్ స్వరాజ్యం తలుపు సగమే తెరిచింది. యాభై దాటిన మనిషి. చేతులకు పిండి అంటుకుని ఉంది.

“మంజూష అని ఉంటది ఇక్కడ. ఆమెతోని మాట్లాడాలె.”

“ఆ పేరుతోని ఎవ్వరు లేరు.”

“పేరు మార్చుకుందేమో. జుట్టు పొట్టిగ ఉంటది. ఎడమ చెవి చినిగి ఉంటది.”

స్వరాజ్యం ముఖం బిగుసుకుంది. “ఎవ్వరు నువ్వు? ఆయన పంపిండా?”

“లేదమ్మా. ఆయన వస్తుండు, అది చెప్దామని వచ్చిన. గీ కెమెరా కంపెనీల పనిచేస్త నేను.”

స్వరాజ్యం తలెత్తి కెమెరాను చూసింది, మళ్ళీ దివ్యశ్రీని చూసింది. “నా రికార్డుల ఆ పిల్ల అసలు పేరు రాయలే. తల్లికి సుత అడ్రసు చెప్పలేదది. పిల్లలకు మంచిదని ఓనరు గిది పెట్టించిండు. మంచిదేనాయె!” అంటూ పక్కకు తప్పుకుంది.

రెండో అంతస్తు గదిలో మంజూష నేలమీద దుప్పటి పరిచి కుర్తా ఇస్త్రీ చేస్తోంది. మంచం మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నోట్సు తెరిచి ఉంది. దివ్యశ్రీ చెప్పేదంతా తల వంచుకునే విన్నది. ఇస్త్రీపెట్టె ఆపలేదు. చేతి మడత ఒకవైపు పూర్తిచేసి, తిప్పి రెండోవైపు రుద్దింది. ఉలిక్కిపడుతుందనీ ఏడుస్తుందనీ అనుకుంటూ వచ్చిన దివ్యశ్రీకి ఆ నెమ్మది చూస్తే భయం వేసింది. ఎన్నిసార్లు ఇలాంటి కబురు విని ఉంటే మనిషికి ఆ నెమ్మది వస్తుంది!

“నేనేనని ఎలా తెలిసిందండీ?” అని అడిగింది మంజూష చివరికి. “జుట్టు కత్తిరించాను. బాగా చిక్కాను. మా అమ్మయినా గుర్తుపట్టలేదేమో అనుకున్నాను.”

దివ్యశ్రీ దాచలేదు. “కంప్యూటర్‌కు తెల్వలే. నాకు పంపింది. నేను చెవి చూసి… నేనే అవునన్న.”

ఇస్త్రీపెట్టె ఆగింది. మంజూష చెయ్యి దానంతట అదే ఎడమ చెవి దగ్గరికి వెళ్ళింది.

“దీన్ని చూసా?”

“ఆ.”

“దుద్దు పట్టుకుని లాగాడండీ. కూర కారం ఎక్కువైందని.” ఆమె గొంతులో కోపం లేదు. “అంటే ఆయన చేసిన గాయంతోనే ఆయనకు దొరికానన్నమాట.”

కుర్తా కాలిన వాసన వచ్చింది. మంజూష గబుక్కున పెట్టె ఎత్తి నిలబెట్టింది. గోధుమరంగు మచ్చ పడిన చోటును వేలితో ఒకసారి తడిమి చూసింది.

“పోలీసులకు చెప్దాం. నేనొస్త,” అంది దివ్యశ్రీ.

“మా ఊళ్ళో పెద్దలు ఒకసారి రాజీ చేశారు. కాపురమన్నాక తప్పదన్నారు. మా నాన్నే బస్సెక్కించి పంపాడు. మళ్ళీ నలుగురిలో చెప్పుకునే ఓపిక లేదండీ ఇప్పుడు. రేపు ఇంటర్వ్యూ ఉంది, అది వెళ్ళొస్తే…” అని ఆగిపోయింది. రేపు ఆ ఇంటర్వ్యూకు వెళ్ళే వీలుండదని అప్పుడే తట్టినట్టుంది.

బట్టలు సర్దడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇస్త్రీపెట్టె ఒక్కటే మిగిలింది. అది ఆమె కొనుక్కున్న వస్తువు, వదిలి వెళ్ళనంది. అది చల్లారేదాకా ముగ్గురు ఆడవాళ్ళూ ఆ గదిలో నిలబడ్డారు. కింద సందులో బండి ఆగిన చప్పుడైనప్పుడల్లా స్వరాజ్యం కిటికీలోంచి తొంగిచూసి, “పాలాయన,” అనో, “పార్సిల్ పిల్లగాడు,” అనో చెబుతూ ఉంది. చివరికి మంజూష గోరువెచ్చగా ఉండగానే దాన్ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

గ్యాస్ సిలిండర్లు తెచ్చే వెనక తలుపునుంచి స్వరాజ్యం వాళ్ళను పంపింది. అక్కడ కెమెరా లేదు. సందు మొదట్లో మంజూష ఆగి, “ఇక్కడినుంచి నేనొక్కదాన్నే వెళ్తాను,” అంది.

“ఎక్కడికో నాకు చెప్పకుండ్రి,” అంది దివ్యశ్రీ. “గేటు మీద నీలం కన్ను బొమ్మ ఉంటె మాత్రం ఆ ఇంట్లకు పోకుండ్రి.”

మంజూష తల ఊపింది. థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముందని దివ్యశ్రీకీ అనిపించింది.

*

బుధవారం పొద్దున్నే హనుమత్ప్రసాద్ గారు గదిలోకి పిలిచాడు. టీ తెప్పించాడు. “కూర్చో అమ్మా. బాబుకు ఎలా ఉంది జ్వరం?” అని అడిగాడు.

“తగ్గింది సర్.”

“మంచిది.” తన లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. “ఈ ఒక్కటీ చూసి చెప్పు. మాకెవరికీ తేలడం లేదు.”

ఎడమ వైపు ఆఫీసు ఐడీ కార్డులోని దివ్యశ్రీ ఫొటో. కుడి వైపు హాస్టల్ గేటు దగ్గర తలెత్తి చూస్తున్న దివ్యశ్రీ. కింద అవే రెండు బటన్లు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. “నొక్కు తల్లీ. నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?”

ఆమె ‘అవును’ నొక్కింది. 

హనుమత్ప్రసాద్ గారు లాప్‌టాప్ మూశాడు. “మొన్న సాయంత్రం గంట వాయించుకున్నాం. నిన్న సాయంత్రం ఆయన పూలూ పళ్ళూ పట్టుకుని వెళ్తే గది ఖాళీ. ఫోన్లో ఏడ్చాడమ్మా, అంత మనిషి.”

“ఆమె చెవి తెంపింది ఆయనే సర్. ఆమెనే చెప్పింది.”

“ఆవిడ చెప్పింది నువ్వు విన్నావు. ఆయన చెప్పేది విన్నావా? లేదు కదా. భార్యాభర్తల మధ్య తీర్పు చెప్పడానికి మనమెవరం? మన పని ముఖం చూడడం. ఆ ముఖం వెనక ఏముందో చూడడం మొదలుపెడితే కంపెనీ నడవదు.” టీ కప్పు ఆమె వైపు జరిపాడు. “ఎవరు చెప్పి పంపించేశారని ఆయన రాత్రినుంచీ అడుగుతున్నాడు. నీ పేరు ఇవ్వలేదు నేను. ఇప్పటిదాకా.”

దివ్యశ్రీ కప్పు ముట్టుకోలేదు.

“మీ బాబు బళ్ళో కూడా మన కెమెరాలే కదా? బాగా పనిచేస్తున్నాయా?”

మాట మామూలుగానే ఉంది. ఏ యజమానైనా అడిగే మాటే. అయినా బళ్ళో కెమెరాలు పెడుతున్నామని టీచరు కాగితం పంపినప్పుడు, అత్తామామలకు గొప్పగా చెప్పుకుని సంతకం పెట్టింది తనేనని ఆమెకు గుర్తొచ్చింది. “మంచిగనే ఉన్నయి సర్,” అంది.

“సంతోషం. వెళ్ళి పని చూసుకో. ఆ ముఖం మళ్ళీ వస్తే నీకు తెలిసిన పని నువ్వు చెయ్యి. అంతే నేను అడిగేది.”

ఆ సాయంత్రం దినేశ్ అంతా విని, తింటున్న కంచం పక్కకు జరిపేశాడు. “రేపటి సంది పోకు. గా నౌకరి మనకొద్దు.”

“నేను పోకుంటె గా కుర్చీల ఇంకొకరు కూసుంటరు. ఆ చెవి చూస్తరు. అవునంటరు.”

“నువ్వు కూసుంటె?”

“నేను కాదంట.”

దినేశ్ లోపల గదిలో ఆడుకుంటున్న తేజ వంక చూశాడు. “వాళ్ళకు ఎరుకైతె?” అన్నాడు. దివ్యశ్రీ కంచాన్ని మళ్ళీ అతని ముందుకు జరిపింది.

*

గురువారం అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. వెతుకులాట జతలు వస్తే ముందు తన తెరమీదికే రావాలని టీ తాగడానికి కూడా లేవలేదు. ముఖం మారిన ప్రతిసారీ ముందు ఎడమ చెవి వెతికేది. ఎవరో ముసలాయన. ఎవరో కాలేజీ పిల్ల. మంజూష కాదు. కాదు. కాదు. సాయంత్రానికి మెడ పట్టేసింది. కానీ లోపల ఒక ధైర్యం మొదలైంది. వచ్చినప్పుడు వస్తుంది. వచ్చిన రోజున ఒక్క వేలు కదిపితే చాలు.

శుక్రవారం జతలు పలచబడ్డాయి. ఒక ముఖానికీ ఇంకో ముఖానికీ మధ్య తెర ఖాళీగా ఉండిపోతోంది. వెతుకులాట వరసలో పొద్దుటినుంచి ఒక్కటీ రాలేదు. రిషి కుర్చీ వెనక్కి వాల్చి, “ఊర్ల ఎవ్వరు తప్పిపోతలేరా ఏంది అక్కా?” అన్నాడు. ప్రమోద్ వచ్చి, ఖాళీగా ఉన్నవాళ్ళను సందేశాల పనికి కూర్చోమన్నాడు.

దివ్యశ్రీ సందేశాలు తెరిచింది. పైనే ఉంది, అప్పుడే వచ్చింది.

‘ధన్యవాదాలు. ఇంత త్వరగా మళ్ళీ దొరుకుతుందనుకోలేదు. బయలుదేరాను.’

వీర్రాజు పేరు పక్కన అదే పెళ్ళిఫొటో.

ఆమె వెంటనే ఆ వెతుకులాట వివరాలు తెరిచింది. పంజగుట్ట, ద్వారకాపురి కాలనీ. మంజూష ఈసారి నీలం బొమ్మ లేని హాస్టలే చూసుకుంది. కానీ దానికి ఎదురుగా ఉన్న మెడికల్ షాపు కెమెరాను కంపెనీ ఈ మధ్యే కలుపుకుంది. పాల ప్యాకెట్ పట్టుకుని గేటు తీస్తున్న మంజూష, పక్కకు తిరిగిన ముఖం. చెవి చుట్టూ కంప్యూటర్ గీసిన సన్నటి పసుపు గడి. ధ్రువీకరించిన ఉద్యోగి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“రిషీ, నువ్వు నొక్కినవా గిది?”

“నాకు రానే రాలే అక్కా.”

ప్రమోద్‌ను పిలిచింది. ఆమె గొంతు విని అతను గబగబా వచ్చి చూశాడు. చూసి, “ఓ, గిదా. నిన్న రాత్రి సంది కొత్త వెర్షన్ నడుస్తుంది. పక్కాగ తేలినయి మన దగ్గరికి రావు. డైరెక్టుగ పోతయి,” అన్నాడు.

“దీనికెట్ల తేలింది? మొన్న తేలలేదు కద! మొన్న నన్ను అడిగింది కద!”

“అడిగింది. నువ్వు చెప్పినవు. నేర్చుకుంది.” ప్రమోద్ ఆ పసుపు గడిని వేలితో చూపించాడు. “ఇన్ని దినాలు మనమందరం నొక్కిన అవునులు, కాదులు అన్నీ చూసుకుంటనే ఉన్నది. ఇంతకుముందు చెవులు పట్టించుకునేది కాదు. ఇప్పుడు ఫస్టు అదే చూస్తుంది.”

చెప్పాక అతనికీ ఏదో తట్టినట్టుంది. ఆమె ముఖంలోకి చూడలేక తెర వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వేలు ఒక్కటి కదిపితే చాలనుకుని ఆమె రెండు రోజులు కాపలా కాసింది. ఆ వేలితో ఇక ఎవరికీ పనిలేదు.

దివ్యశ్రీ లేచింది. “యాడికి?” అన్నాడు ప్రమోద్. ఆమె ఆగలేదు, అతనూ ఆపలేదు. లాకర్లోంచి ఫోన్ తీసి మెట్లు దిగుతూ వందకు కలిపింది. ఎవరు మాట్లాడుతున్నారని అవతలినుంచి ఒక ఆడగొంతు అడిగింది. ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత తన పేరు, భర్త పేరు, ఎర్రగడ్డ ఇంటి నంబరు, పనిచేసే చోటు అన్నీ విడమరిచి చెప్పింది. ఎవరి ప్రాణానికి ప్రమాదమో, ఎక్కడో చెప్పింది. రోడ్డుకు అడ్డంపడి దాటుతుంటే బస్సు డ్రైవరు తిట్టాడు. ద్వారకాపురి కాలనీలోకి పరుగెత్తింది.

మెడికల్ షాపు ముందు తెల్ల కారు ఆగి ఉంది. దానికి ఆనుకుని వీర్రాజు నిలబడి ఉన్నాడు. ఆమె ఊహించుకున్న మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, చేతిలో ఆకులో చుట్టిన మల్లెపూల పొట్లం. షాపతనికి ఫోన్లో అదే పెళ్ళిఫొటో చూపిస్తూ మర్యాదగా ఏదో అడుగుతున్నాడు. హాస్టల్ గేటు ఇంకా మూసే ఉంది.

దివ్యశ్రీ నేరుగా వెళ్ళి గేటుకు వీపు ఆనించి నిలబడింది. ఊపిరి అందడం లేదు. తలెత్తి, “మంజూషా! కిందికి రాకు! ఆయన వచ్చిండు!” అని గట్టిగా అరిచింది. ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది. బాల్కనీల్లోకి అమ్మాయిలు వచ్చారు. ఒకమ్మాయి లోపలికి పరుగెత్తింది; కాసేపటికి గేటుకు లోపలినుంచి గొళ్ళెం పడిన అదురు దివ్యశ్రీ వీపుకు తగిలింది.

వీర్రాజు మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు. “మొన్న ఆమెను పంపించేసింది మీరేనా అండీ?” అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే పక్కవాళ్ళకు వినపడదు. “నా భార్యను తీసుకెళ్ళడానికి వచ్చాను. మీకెందుకండీ మధ్యలో?”

“మొదటిసారి నీకు దొరకబట్టి ఇచ్చింది నేనే. అందుకు.”

అతను గేటు మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఆమె తలకు పక్కగా ఉంది. మల్లెల వాసన ముఖానికి కొట్టింది. “పక్కకు జరగండి,” అన్నాడు అదే గొంతుతో. ఆమె జరగలేదు.  వెనక్కి రెండు చేతులూ పెట్టి ఇనుప చువ్వలు పట్టుకుంది. బాల్కనీల్లోంచి అమ్మాయిలు అరవడం మొదలుపెట్టారు. మెడికల్ షాపతను బయటికి వచ్చి, “సారు, జర దూరం ఉండుండ్రి,” అన్నాడు. ఇంకో ఇద్దరు ఆగారు. వీర్రాజు వాళ్ళందరినీ ఒకసారి చూసి, చెయ్యి తీసి, నవ్వి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

పోలీసు బండి వచ్చేసరికి కూడా అలాగే నిలబడి ఉన్నాడు. దిగిన మహిళా కానిస్టేబుల్ అతన్ని అవతలికి నడిపించి, దివ్యశ్రీ చెప్పేది పూర్తిగా విన్నది. గేటు లోపలినుంచి తెరుచుకుంది. మంజూష సంచి భుజానికి వేసుకుని తనే బయటికి వచ్చింది.  అతని వైపు తిరగకుండా నేరుగా కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

“కంప్లయింట్ ఇస్తానండి,” అంది. అని జుట్టు వెనక్కి తీసి చెవి చూపించింది. “ఇది కూడా రాసుకోండి.”

కానిస్టేబుల్ ఆమెను బండి ఎక్కించి, దివ్యశ్రీ వైపు తిరిగింది. “నువ్వు సుత స్టేషన్‌కు రావాలె అమ్మా. సాక్ష్యం చెప్తవా?”

“చెప్త,” అంది దివ్యశ్రీ. ఫోన్ తీసి దినేశ్‌కు కలిపింది. “బడి ఇడిచే యాళ్ళయింది. తేజను ఇయ్యాల నువ్వే తీస్కరా. గేటు కాడ నిలబెట్టొద్దు, నువ్వొచ్చెదాక లోపల్నే ఉంచమని టీచర్‌కు ఫోన్ చెయ్యి.” ఎందుకని అతను అడుగుతుంటే, “చెయ్యి ముందుగాల,” అని పెట్టేసింది.

బండి ఎక్కబోతూ రోడ్డు అవతలికి చూసింది. తన కారులోనే వెనక రమ్మని పోలీసులు చెప్పారు కాబోలు, వీర్రాజు కారు తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు. మల్లెల పొట్లం కారు కప్పు మీద పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు. తొందర లేదు, కోపం లేదు. ఫోన్‌ను కళ్ళ ఎత్తుకు లేపి, ఆమె ముఖం నిండుగా పడేలా సరిచూసుకుని, ఫొటో తీసుకున్నాడు. సరిగ్గా వచ్చిందో లేదోనని ఒకసారి చూసుకుని, ఇంకొకటి తీయడానికి మళ్ళీ ఎత్తాడు.

దివ్యశ్రీ ముఖం తిప్పుకోలేదు.